గునుగు పూల ఆయమ్మ

మొన్న ఆదివారం కొత్తగూడ ఫ్లైఓవర్ కింద గునుగు పూలు బేరమాడుతున్నాను. బతుకమ్మ రోజుల్లో చేవెళ్ళ వైపు నుంచీ వికారాబాద్ వైపు నుంచీ ఆడవాళ్ళు పూలమూటలతో దిగి అక్కడ రోడ్డు పక్కన వరసగా కూర్చుంటారు. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, కంకిని కింది నుంచి పైకి నిమిరి చూసి, "ఇది నిన్న కోసింది కదమ్మా?" అన్నాను. పూలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నీ మాట వింటే ఈడిదానివి గావు. యే ఊరు?"

"అనంతపురం."

"మరి గునుగు సంగతి నీకెవరు నేర్పిండ్రు?"

డబ్బులిచ్చి కట్ట తీసుకున్నాను. నాకు నేర్పిన మనిషిని తలుచుకుని ఏడాది దాటింది. ఇంటికి రాగానే, మా అమ్మాయికి ప్రీస్కూల్లో చెప్పిన టీచర్‌కి ఫోన్ చేశాను. అక్కడ పనిచేసిన ఆయమ్మ ఎలా ఉందో కనుక్కోండి, ఒకసారి వెళ్ళి చూస్తాను అన్నాను.

"మీకు తెలియదా అండీ? వానలు మొదలైనప్పుడే పోయారండి. పొద్దున టీ పెట్టుకుని, తాగి, అలా పడుకున్నారంట" అంది టీచర్.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ ఎక్కడ పుట్టిందో, ఎంతమంది పిల్లలో, ఏం చదివిందో నాకు సరిగా తెలియదు, కాబట్టి అవేవీ ఇందులో ఉండవు. పేరు మాత్రం తెలుసు. తెలిసీ రాయకపోవడానికి ఒక కారణం ఉంది, అది దాని చోట చెబుతాను.

కొండాపూర్ లోపలి వీధుల్లో ఒక రెండంతస్తుల ఇంటికి గోడల నిండా జిరాఫీలు వేసి ప్రీస్కూల్ చేశారు. మా మేధని అక్కడ వేశాం. తరగతిలో ఇరవై మంది మూడున్నర, నాలుగేళ్ళ పిల్లలు, ఒక టీచర్, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద ఆయమ్మ. పిల్లల ముక్కులు తుడవడం, బాత్రూంకి తీసుకెళ్ళడం, టిఫిన్ డబ్బాల మూతలు తీయడం ఆవిడ పని. పాఠానికీ ఆవిడకీ సంబంధం లేదని స్కూలు వాళ్ళ కాగితాల్లో ఉంది. ఆ కాగితం ఆవిడ చదవలేదు. చదివినా పట్టించుకునేది కాదని నా నమ్మకం.

పొట్టి మనిషి. నీలం ఏప్రన్ కింద ముతక చీర, చేతి గాజులకు నాలుగైదు పిన్నీసులు. చెడిపోయిన జిప్పులన్నీ ఆ పిన్నీసులతోనే బాగుపడేవి. చేతులు కడుక్కుని వచ్చిన ప్రతి పిల్ల అరచేతినీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. సబ్బు వాసన రాకపోతే, "పటేలా, నీళ్ళకు చెయ్యి సూపెట్టి వచ్చినవా? మల్ల నడువ్" అని వెనక్కి పంపేది. మగపిల్లలందరూ ఆవిడకు పటేళ్ళే, ఆడపిల్లలందరూ దొరసానులే. ఇంగ్లీషు రైములన్నీ ఆవిడకు నోటికొచ్చు. అయితే వాటన్నిటికీ ఒకటే బాణీ, బతుకమ్మ బాణీ. చప్పట్లు కొట్టి గుండ్రంగా తిరుగుతూ ఆ ఇంగ్లీషు పాటలు పాడుతుంటే పిల్లలకు అదే అసలు బాణీ అనిపించేది. మేధ ఇంట్లో టీవీలో వచ్చే బాణీ విని, తప్పు పాడుతున్నారని ఫిర్యాదు చేసింది.

మేధ సంగతి కొంచెం చెప్పాలి. అది కరోనా రోజుల్లో పుట్టింది. ఉగ్గు రుచి కన్నా ముందు దానికి శానిటైజర్ వాసన తెలుసు. బయటినుంచి వచ్చిన పాల ప్యాకెట్టుని కూడా కడిగి లోపల పెట్టిన ఇల్లు మాది. ఆ పెంపకం ఫలితం ఏమంటే, మూడేళ్ళు దాటినా పిల్ల దేన్నీ ముట్టుకునేది కాదు. వేలికి ఒక మెతుకు అంటుకుంటే ఆ వేలు పైకెత్తి పట్టుకుని, అది ఎవరో ఒకరు తుడిచేదాకా ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. ఇసుక వద్దు, రంగులు వద్దు, పిండి వద్దు. స్కూల్లో చేరిన మొదటి వారం టీచర్ నన్ను పక్కకు పిలిచి, ఎవరికైనా చూపిస్తే మంచిదేమో అని నెమ్మదిగా చెప్పింది. నేను ఇంటికొచ్చి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

ఆయమ్మ ఎవరికీ చూపించమనలేదు. బుజ్జగించనూ లేదు. మేధ చేతికి ఒక చిన్న స్టీలు గిన్నెలో నీళ్ళు ఇచ్చి, "దొరసానీ, నీకు డ్యూటీ ఏసిన. అందరి చేతులు ఖరాబైనయ్, కడుక్కునేతందుకు నీళ్ళు నువ్వే తేవాలె" అంది. అంటే మట్టి పిసికేది మిగతా పంతొమ్మిది మంది, నీళ్ళు తెచ్చేది మా పిల్ల. పది రోజులు అదే పని. ఎవరి చెయ్యి ఎంత మురికిగా ఉందో చూడటం, గిన్నె పట్టుకోవడం, నీళ్ళు పారబోయడం. పదకొండో రోజున గిన్నె అడుగున మిగిలిన బురదలో తనే వేలు పెట్టి తిప్పిందట. ఆయమ్మ చూసీ చూడనట్టు తల తిప్పుకుందని టీచర్ చెప్పింది. నెల తిరిగేసరికి ఒక మధ్యాహ్నం మేధ మా ఎదుట కంచంలో పప్పన్నం కలుపుకుంది. వాళ్ళ నాన్న ఆఫీసు కాల్‌లో ఉండి కూడా, "ఇదిగో, కలుపుతాండాది చూడు!" అని గట్టిగా అరిచాడు. అవతలి వాళ్ళకు ఏం అర్థమైందో మాకు తెలియదు.

నా పిల్ల చేతుల్ని నాకు తెచ్చిచ్చింది ఆయమ్మ. ఇది తెలిసి కూడా తర్వాత నేను చేసిన పని చేశాను.

సెప్టెంబరులో స్కూలుకు హెడ్డాఫీసు నుంచి అట్టపెట్టె వచ్చింది. ఆ నెల పాఠం 'ఆటమ్', అంటే ఆకురాలే కాలం. పెట్టెలో నారింజ రంగు కాగితపు ఆకులు, స్పాంజి గుమ్మడికాయలు, మెడకు మఫ్లర్ చుట్టుకున్న గడ్డిబొమ్మ. టీచర్ పాపం అందులో రాసినట్టే, ఈ కాలంలో ఆకులన్నీ రంగు మారి రాలిపోతాయని చెబుతుంటే గుమ్మం దగ్గర స్టూలు మీదినుంచి ఆయమ్మ అందుకుంది.

"యే చెట్టుయి టీచరమ్మా? గా కిటికిలకెల్లి సూస్తే వేపచెట్టు పచ్చగనే ఉన్నది గదా."

ఇరవై తలలూ కిటికీ వైపు తిరిగాయి. వానలు పడి వేపచెట్టు నిగనిగలాడుతోంది. టీచర్ మంచి పిల్ల, గుంటూరు వైపు నుంచి వచ్చింది, వచ్చి ఆరు నెలలైంది. కోప్పడకుండా నవ్వేసి, "మరి ఇక్కడ ఈ కాలంలో ఏమొస్తాయి ఆయమ్మా? నాకూ తెలియదు" అంది.

మర్నాడు ఆయమ్మ బస్సు దిగి వస్తూ సంచి నిండా ఆ కాలాన్ని మోసుకొచ్చింది. పచ్చి సీతాఫలాలు తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టించింది. పిల్లలు రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి, పండిందో లేదో చెప్పాలి. "నొక్కి సూడు, గట్టిగున్నదా? అయితే పండుకోనియ్" అనేది. పండిన రోజున తిని, గింజలు కడిగి, ఎవరి గింజలు వాళ్ళు లెక్కపెట్టారు. స్పాంజి గుమ్మడికాయ పక్కన నిజం గుమ్మడి పువ్వు పెట్టి, దాని కింద బఠాణీ అంత పిందె చూపించి, అది పెరిగితే ఏమవుతుందో చెప్పమంది. టీచర్ వీటన్నిటినీ ఫోటోలు తీసి 'ఆటమ్' పేరుతోనే హెడ్డాఫీసుకు పంపేది. వాళ్ళు బాగుంది అన్నారు.

వారానికి రెండుసార్లు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేవారు. ఆయమ్మ దగ్గర ఒక పాత నేత చీర ఉండేది, దాని రెండు అంచులకూ మూరకొక ముడి. ఒక్కో ముడి ఒక్కో పిల్లది. ముడి వదిలినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు చీర మోయాలి. ముందు టీచర్, వెనక ఆయమ్మ, మధ్యలో ఇరవై ముడులు, ఆ వీధిలో కార్లన్నీ వాటంతట అవే ఆగేవి. మూలమీద ఇస్త్రీ బండి అతను పిల్లలు ఏరుకొచ్చిన ఆకులను పాత పేపరు మధ్య పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. కొబ్బరిబోండాల అతను రంగులు కలుపుకోవడానికి చిప్పలు దాచేవాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య తన గది వెనక పెంచుకున్న బంతిమొక్కను చూపించి, ఒక్కొక్కరికి ఒక్క పువ్వే అని షరతు పెట్టేది. నేను ఆ వీధిలో ఐదేళ్ళుగా ఉంటున్నాను. ఇస్త్రీ అతను ఏ ఊరివాడో నాకు మేధ చెప్పింది.

స్కూలు వెనక రాళ్ళ గుట్ట ఉన్న ఖాళీ స్థలం ఒకటి ఉండేది. ఇప్పుడక్కడ పెద్ద భవనం లేచింది. అప్పట్లో వానలకు గునుగు మోకాలెత్తు పెరిగింది. మా చేలల్లో గునుగు కలుపు, పీకి గట్టు మీద పడేస్తాం. ఇక్కడ దాన్ని బతుకమ్మలో పేరుస్తారని చూశాను కానీ, పేర్చే ముందు ఆ తెల్ల పువ్వును రంగుల్లో ముంచి ఆరబెడతారని, ఆ వారమంతా పేర్చేవాళ్ళ చేతులు ఆ రంగులోనే ఉంటాయని నాకు తెలియదు. ఎవరైనా చెబితే కదా అనుకోవచ్చు. ఎవరినైనా అడిగితే కదా అని కూడా అనుకోవచ్చు.

ఒక గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే మేధ రెండు అరచేతులూ ఎర్రగా ఉన్నాయి. మెడ మీద ఎర్ర మచ్చలు, చెంప మీద ఒకటి. తడి టిష్యూతో తుడిస్తే పోలేదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఒక తప్పు కనిపిస్తే అది నిజంగా తప్పేనా అని మళ్ళీ మళ్ళీ పరీక్షించి, అప్పుడు గానీ పైకి చెప్పకూడదని కొత్తగా చేరినవాళ్ళకు నేనే పాఠం చెబుతాను. ఆ సాయంత్రం మాత్రం పిల్లను ఒక్క మాట అడక్కుండా ఫోటో తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మేధ చేతులు చూడండి. స్కూల్లో ఏం వాడుతున్నారు? ఇంకెవరి పిల్లలకైనా ఇలా ఉందా?"

ఉంది. అందరికీ ఉంది. పావుగంటలో పదకొండు ఫోటోలు వచ్చాయి. పదకొండు ఇళ్ళల్లో ఒకే సాయంత్రం ఒకే రోగం. ఒకరు అంటువ్యాధి అన్నారు. ఒకరు బట్టలకు వేసే రంగు అయ్యుంటుంది, క్యాన్సర్ వస్తుంది అన్నారు. ఒక తండ్రి లాయర్ నోటీసు మాట ఎత్తాడు. పిల్లలతో ఇవన్నీ చేయిస్తోంది ఆయా అని ఎవరో తెలుసుకుని రాశారు, ఆ మాటతో గ్రూపు భగ్గుమంది. మాలో అనంతపురం, కడప, విజయవాడ, లక్నో, పుణె అందరూ ఉన్నారు. తెలంగాణ ఆవిడ ఒక్కరే, దవాఖానలో నర్సు. ఆవిడ డ్యూటీలో ఉండి ఆలస్యంగా చూసి, "ఇది గునుగుకు ఏసే రంగేమో?" అని ఒక ముక్క పెట్టింది. ఆ మాట ఎవరూ చదవలేదు, నాతో సహా.

మేము అప్పటికే డాక్టర్ దగ్గర కూర్చుని ఉన్నాం. ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచి మేధ అరచేతిని రుద్దాడు. దూది గులాబీ రంగుకు మారింది. రెండో అరచేతిని వాసన చూశాడు.

"ఏం చేశావమ్మా ఇవాళ స్కూల్లో?" అని మేధని అడిగాడు.

"పువ్వులకి స్నానం చేయించాం. బీట్‌రూట్ నీళ్ళతో."

"అదీ సంగతి" అని డాక్టర్ నా వైపు చూసి నవ్వాడు. నాకు భూమి చీలితే దూరిపోదామనిపించింది. అందరూ బజారులో దొరికే రంగు పొడి వాడతారట. పిల్లలు నోట్లో వేళ్ళు పెట్టుకుంటారని ఆయమ్మ తన ఇంట్లో బీట్‌రూట్ ఉడికించి, సీసాలో పోసుకుని, బస్సులో పట్టుకొచ్చిందని తర్వాత తెలిసింది.

ఇంతవరకూ చేసింది తొందరపాటు. దాని తర్వాత చేసింది తప్పు. క్లినిక్ బయట నిలబడి గ్రూపులో రెండో మెసేజ్ పెట్టాను. "డాక్టర్ చూశారు. కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. అందరికీ థాంక్స్." బీట్‌రూట్ అని రాయలేదు. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న దాన్ని, కూరగాయను చూసి రోగం అనుకున్నానని నలభై మంది ముందు చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. అయిపోయిందనుకున్నాను.

శుక్రవారం మేధని వాళ్ళ నాన్న దింపాడు. సోమవారం నేను దింపడానికి వెళితే గుమ్మం దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. టీచర్ మొహం వాడిపోయి ఉంది.

"ఆయమ్మని పైన స్టోర్ రూంలో వేశారండి. పిల్లల దగ్గరికి రావద్దన్నారు. దసరా సెలవుల తర్వాత ఇంక రావక్కర్లేదని కూడా అంటున్నారు" అంది. "పిల్లలు శుక్రవారం నుంచీ అడుగుతున్నారండి, ఆయమ్మ ఎక్కడికెళ్ళిందని. నేనేం చెప్పను?"

ఆఫీసుకు వెళ్ళాల్సినదాన్ని, మెట్లెక్కాను. స్టోర్ రూంలో ఆయమ్మ కింద కూర్చుని ప్లాస్టిక్ బొమ్మలను ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడుస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే ఎదురుగా కూర్చున్నాను.

"ఆయమ్మా, అది బీట్‌రూట్ అని నాకు గురువారమే తెలుసు" అన్నాను.

"నాకెరుకే. నీ బిడ్డ శుక్రారం పొద్దుగాల్నే క్లాసంత జెప్పిందట, డాక్టర్ సారు నా చెయ్యి వాసన సూసిండని. టీచరమ్మ వచ్చి నాకు జెప్పి నవ్వింది."

పిల్ల చెప్పింది. తల్లి చెప్పలేదు. ఆయమ్మ ఆ మాట పైకి అనలేదు కానీ, నాకు వినపడింది.

"మరి నన్నెందుకు పిలిపించలేదు? ఫోన్ అయినా చేయించాల్సింది."

"నేనేంది పిలిసేది? నువ్వే వస్తవని సూసిన." చేతిలో ఉన్న బొమ్మ చక్రాల మధ్య మట్టిని పిన్నీసుతో తీస్తూ అంది. "సూడు బిడ్డా, ఫోటో దీసినవని నాకు కోపం లేదు. తల్లివి, బుగులువడ్డవ్. నా బిడ్డకైనా నేను గట్లనే లొల్లి జేద్దును. కని సంగతి ఎరుకైనంక రెండోపారి రాసినవ్ సూడు, గప్పుడు ఒక్క మాట ఎక్వ రాస్తే అయిపోతుండె."

ఆఫీసులో ఎన్నో ఏళ్ళుగా నా పనిని ఎందరో అంచనా వేశారు. ఎవరూ ఇంత సరిగ్గా తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"సారీ ఆయమ్మా. ఇప్పుడు రాస్తాను. మొత్తం రాస్తాను. మీ పేరు పెట్టి, మీరు ఎంత జాగ్రత్తగా..."

"వద్దొద్దు. నా పేరు ఆ ఫోన్ల వెట్టకు. ఊరంత తిరుగుతది. బీట్‌రూట్ పేరు వెట్టు, సాలు."

అందుకే అప్పుడూ ఆవిడ పేరు పెట్టలేదు, ఇప్పుడూ పెట్టడం లేదు.

"ఇంకేం చెయ్యమంటారు?" అన్నాను. ఉద్యోగం గురించి అడుగుతుందనుకున్నాను.

"పిల్లలు ముంచిన గునుగు కింద వరండల ఉన్నది. ఎండ తాకితే రంగు పోతది. జర నీడకు జరపమని టీచరమ్మకు జెప్పు. పోరగాండ్లు శాన కష్టపడ్డరు."

కిందికి దిగి ముందు ఆ పూలను నీడకు జరిపాను. తర్వాత సెంటర్ హెడ్ గదిలోకి వెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా విని, "మీరు చెప్పేది నాకు అర్థమైందండీ. కానీ ముందు గ్రూపులో పెట్టింది మీరే కదండీ? పేరెంట్స్ అందరూ ఆ రాత్రే నాకు ఫోన్లు చేసి ఆయాని తీసేయమని అడుగుతుంటే నేనేం చేస్తాను? వాళ్ళు ఊరుకుంటేనే నేను హెడ్డాఫీసుతో మాట్లాడగలను" అంది. ఒక్క అక్షరం కూడా తప్పుపట్టడానికి లేదు.

స్కూలు ముందు కారులో కూర్చుని రాశాను. ఎర్ర రంగు బీట్‌రూట్‌ది అనీ, డాక్టర్ గురువారమే చెప్పాడనీ, సిగ్గుపడి దాచాననీ, పిల్లల నోట్లోకి రంగు పొడి పోకూడదని ఇంట్లో బీట్‌రూట్ ఉడికించి తెచ్చిన మనిషిని నా వల్ల పిల్లల నుంచి దూరం పెట్టారనీ రాశాను. మేధ మెతుకు ముట్టుకోని సంగతి, గిన్నె డ్యూటీ సంగతి కూడా రాశాను. చివర, ఆమె తిరిగి క్లాసులోకి రావడం మీకు సమ్మతమైతే సమ్మతమని ఇక్కడే రాయండి అన్నాను.

అందరూ చదివినట్టు నీలం గుర్తులు వచ్చాయి. మొదట నర్సు ఆవిడ రాసింది, "నేను ఆ రోజే అన్న. నాకు సమ్మతం." తర్వాత ఒక్కొక్కరూ. మా అబ్బాయి ఇప్పుడు పళ్ళు తొక్క తీసుకుని తింటున్నాడని ఒకరు, మా పాపకి కూరగాయల పేర్లు తెలుగులో వచ్చాయని లక్నో ఆవిడ. లాయర్ నోటీసు అన్న తండ్రి మాత్రం మంగళవారం సాయంత్రం దాకా ఆగి ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. అదే ఇరవయ్యోది.

బుధవారం పొద్దున సెంటర్ హెడ్ నన్ను కూడా రమ్మంది. మెట్ల కింద ఆయమ్మ ఏప్రన్ సర్దుకుని నిలబడి ఉంది. "హెడ్డాఫీసు ఒప్పుకుందండీ. మీరు మామూలుగా క్లాసులోకి వెళ్ళండి. సెలవుల తర్వాత కూడా మీరే" అంది సెంటర్ హెడ్. నేను బ్యాగు భుజాన వేసుకుని, ఇక వెళతానన్నాను.

ఆయమ్మ కదల్లేదు.

"నేనొక్కదాన్నే పోను మేడం. ఈ బిడ్డను గూడ రమ్మనుండ్రి. పిల్లలకు ఎవరన్న జెప్పాలె గదా, ఇన్నొద్దులు నేను యాడికి పోయిన్నో. నేను జెప్తే మంచిగుండదు."

నలభై మంది పెద్దవాళ్ళకు ఫోన్లో రాయడం వేరు. తలుపు తీసేసరికి ఇరవై మంది పిల్లలు చాప మీద కూర్చుని, ఎర్రగా ఆరిన గునుగు పూలను పళ్ళెంలోకి ఏరుతున్నారు. ఆయమ్మను చూసి ఒక్క అరుపు అరిచి లేచారు. ఆవిడ వాళ్ళ మధ్య మునిగిపోయింది. కొంచెంసేపయ్యాక అందర్నీ కూర్చోబెట్టి, నా వైపు చెయ్యి చూపించింది. మేధ నన్ను వింతగా చూస్తోంది.

నేను ఎంతోమంది ముందు మాట్లాడినదాన్ని. ఆ చాప ముందు బ్యాగు కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఆయమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. పైనే ఉంది" అన్నాను. "నేను మేధ చేతులకున్న రంగు చూసి రోగం అనుకున్నాను. అందరికీ అలాగే చెప్పాను. రోగం కాదని తెలిశాక కూడా చెప్పలేదు. అందుకని ఆయమ్మని మీ దగ్గరికి రానివ్వలేదు. తప్పు ఆయమ్మది కాదు, నాది."

ముందు వరసలో ఒక బొద్దు పిల్లాడు, చేతిలో గునుగు కంకితో, అడిగాడు.

"సారీ చెప్పినవా?"

"చెప్పాను. మొన్న పైన చెప్పాను."

వాడు తల అడ్డంగా ఊపాడు.

"మాకు ఇనపడలే."

టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయమ్మ నవ్వలేదు, వాడిని ఊరుకోమని అనలేదు, నన్ను తప్పించనూ లేదు. గుమ్మం దగ్గర నిలబడి, వాడి మాటలో న్యాయం ఉన్నట్టుగా నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు తిరిగి, రెండు చేతులూ పట్టుకుని, ఇరవై మందికీ వినపడేలా, "తప్పయింది ఆయమ్మా, క్షమించు" అన్నాను. ఆవిడ అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"ఇప్పుడు ఇనపడ్డదా పటేలా?" అని అడిగింది ఆయమ్మ.

"ఆఁ" అని వాడు పక్కకు జరిగి, చాప మీద ఖాళీ చేశాడు. "అయితే కూసో."

కూర్చున్నాను. పదిన్నరకు ఆఫీసులో నేనే మొదలుపెట్టాల్సిన మీటింగ్ ఒకటి ఉంది. బ్యాగులో ఫోన్ మోగుతోంది. ఆయమ్మ వచ్చి నా ముందు ఒక గునుగు కట్టా, చిన్న కత్తెరా పెట్టింది. పేర్చాలంటే కాడలన్నీ ఒకే కొలతకు ఉండాలట. నాలుగైదు కోసి చూపించాను. వంగి, ఒకటి తీసి, తన వేలితో కొలిచి చూసింది.

"పొట్టిగ కోసినవ్ బిడ్డా. మల్ల కొయ్యి."

మళ్ళీ కోశాను.